పాలివ్వని దున్నపోతులో పాలెన్ని?

గోదావరి డెల్టాలో కాలవ నీళ్ళలో ముక్కు మాత్రం పైకి పెట్టి పడుకున్న గేదెల్ని మీరు చూసే ఉంటారు. గేదె ఎదకు వచ్చిందంటే రైతుకు ఒక చిక్కు ప్రశ్న ఎదురవుతుంది. పుట్టబోయే దూడకు తండ్రిగా ఏ దున్నపోతును ఎన్నుకోవాలి?

ట్రాక్టర్లు రాకముందు రైతు దూడ నుంచి రెండు పనులు కోరేవాడు. పెయ్య పుడితే బాగా పాలివ్వాలి. దున్న పుడితే వరిమడి బురదలో దిగి దమ్ము చెయ్యాలి. ఇప్పుడు దమ్ము పని చాలావరకు యంత్రానిదే. అయినా పాలు, వెన్న, ఎండకు ఓర్పు, సకాలంలో చూలు కట్టడం అన్నీ ఒకే పశువులో కావాలి.

దూడకు జన్యువులు తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తాయి. మన గేదె కణంలో 50 క్రోమోజోములుంటాయి. అందులో 25 తల్లివి, 25 తండ్రివి. మరి తండ్రి గురించే ఇంత పట్టింపు ఎందుకు? గేదె తన జీవితకాలంలో కొద్ది దూడల్నే ఈనుతుంది. కృత్రిమ గర్భధారణ వల్ల ఒక్క దున్నపోతు వేల దూడలకు తండ్రి కాగలదు. దాని మంచీ చెడూ కూడా అన్ని కొట్టాలకూ చేరతాయి.

హర్యానాలోని రోహ్‌తక్, హిస్సార్ ప్రాంతాల ముర్రా జాతికి నల్లని ఒళ్ళు, చుట్ట తిరిగిన కొమ్ములు ఉంటాయి. పాలలో వెన్న సుమారు 7 శాతం. మన నాటు గేదె పాలు తక్కువ, ఓర్పు ఎక్కువ. నాటు గేదెకు ముర్రా దున్నతో పుట్టిన దూడలో ముర్రా వంతు 50 శాతం. ఆ పెయ్యకు మళ్ళీ ముర్రా దున్నతో పుడితే 75, మూడో తరంలో 87.5 శాతం. ఇలాంటి సంకరం వల్లనే 'గోదావరి గేదె' ఏర్పడింది.

అయితే దున్నపోతు పాలివ్వదు కదా! దాని గుణం ఎలా తెలుస్తుంది? మొదట తల్లి, అక్కచెల్లెళ్ళ పాల లెక్క చూస్తారు. అన్నిటికన్నా నమ్మకమైన సాక్ష్యం దాని కూతుళ్ళే. కాని చూడికాలమే సుమారు 310 రోజులు. ఆ పెయ్య పెరిగి, ఈని, పాలివ్వటానికి ఇంకా మూడు నాలుగేళ్ళు. అందాకా వీర్యాన్ని సన్నని గొట్టాలలో నింపి, −196 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉండే ద్రవ నత్రజనిలో దాస్తారు. ఒక్కో గొట్టంలో పట్టేది 0.25 మిల్లీలీటరే!

ఒక ప్రమాదం ఉంది. ఊరికంతటికీ ఒకే దున్నపోతు ఉంటే, కొన్నేళ్ళకు అది తన కూతుళ్ళతోనే కలుస్తుంది. అప్పుడు, తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే జన్యువు నకళ్ళు రెండూ దూడకు చేరే అవకాశం సగటున 25 శాతం పెరుగుతుంది. దాగి ఉన్న లోపాలు బయటపడతాయి. దూడలు బలహీనంగా పుడతాయి, చూలు సరిగా నిలవదు.

మంచి తండ్రి ఉంటే చాలా? చాలదు. ఒట్టి వరిగడ్డిలో మాంసకృత్తులు తక్కువ. పిల్లిపెసర, జనుము వంటి పచ్చిమేత పడితేనే జన్యువుల బలం పాలకుండలో కనిపిస్తుంది.

మీ ఇంట్లో గేదె ఉందా? అయితే ఒక నోటుపుస్తకం పెట్టండి. సూది వేయించిన తేదీ, గొట్టం మీద అచ్చువేసిన దున్నపోతు నంబరు, ఈనిన తేదీ, రోజూ ఇచ్చిన పాలు రాయండి. ఎంపికలో చేసిన పొరపాటు నాలుగేళ్ళకు గాని బయటపడదు. అంతకాలం మనిషి మరిచిపోవచ్చు, పుస్తకం మరిచిపోదు.