చల్లారే రైలు పట్టా లోపలి లెక్క: భిలాయ్ ఉక్కు చెప్పే గణితం

సోవియట్ సహకారంతో వెలసి, 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించుకున్న భిలాయ్ ఉక్కు కర్మాగారం తెలుగు కుటుంబాలెన్నింటికో జీవనాధారం. అక్కడి యూనివర్సల్ రైల్ మిల్లులో 130 మీటర్ల రైలు పట్టా ఒకే ముక్కగా తయారవుతుంది. అటువంటి రెండింటిని వెల్డింగ్‌తో కలిపి 260 మీటర్ల ప్యానెళ్లుగా రైల్వేలకు పంపుతారు.

రోలింగ్ ముగిసేసరికి పట్టా ఎర్రగా కాలుతూ ఉంటుంది. అసలు చిక్కు అది చల్లారే తీరులో ఉంది. చక్రం ఆనే తల భాగం మందంగాను, కింది పాదం వెడల్పుగా, పలుచగాను ఉంటాయి. పలుచని అంచులు ముందుగా చల్లారి కుంచించుకుపోతాయి. తల ఇంకా వేడిగానే ఉంటుంది. దాంతో పట్టా విల్లులా వంగుతుంది. ఆ తరువాత తల చల్లారేకొద్దీ రెండో వైపుకు తిరుగుతుంది. అందుకే పట్టాను ముందే ఎదురు దిశలో వంచి చల్లార్చే పద్ధతి రైలు మిల్లుల్లో ఉంది. ఎంత వంచాలో నిర్ణయించాలంటే లోపలి ఉష్ణోగ్రత తెలియాలి. కదిలే పట్టా ఉపరితలాన్ని పైరోమీటరుతో కొలవవచ్చు గాని, దాని గర్భాన్ని కొలవలేము. లెక్కించాలి.

ఆ లెక్కకు మూలసూత్రాన్ని ఫ్రెంచి గణితవేత్త ఫూరియే 1822లో గ్రంథస్థం చేశాడు. ఒక బిందువుకూ దాని ఇరుగుపొరుగుకూ మధ్య ఉన్న తేడాను బట్టి అక్కడి ఉష్ణోగ్రత మారే వేగం ఉంటుందన్నది దాని సారం. కాలంతోనూ స్థానంతోనూ మార్పు ఉన్నందున ఇది పాక్షిక అవకలన సమీకరణం. పట్టా వంటి వంకర ఆకృతికి దీన్ని కాగితంపై సాధించడం అసాధ్యమనే చెప్పాలి. కనుక అడ్డుకోతను చిన్న గడులుగా విభజించి, ప్రతి గడి తరువాతి ఉష్ణోగ్రతను పొరుగు గడుల ప్రస్తుత ఉష్ణోగ్రతల నుంచి అంచెలంచెలుగా లెక్కిస్తారు.

అయితే కాలంలో వేసే అంచెను ఇష్టానుసారం పెంచడానికి వీల్లేదు. అంచెకూ గడి పరిమాణానికీ విడదీయరాని బంధం ఉందని కూరెంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ 1928లో చూపారు. వేడి ఉక్కు విషయంలో, సరళమైన పద్ధతిలో, 5 మిల్లీమీటర్ల గడికి అంచె సుమారు ఒక సెకనుకు మించరాదు. 1 మిల్లీమీటరు గడికైతే సెకనులో ఇరవై అయిదో వంతే. గడులు 25 రెట్లు, అంచెలు 25 రెట్లు. వెరసి పని 625 రెట్లు. హద్దు దాటితే చల్లారవలసిన ఉక్కు లెక్కలో మాత్రం సలసల మరిగిపోతుంది! క్రాంక్, నికల్సన్ 1947లో ప్రకటించిన పద్ధతి ఈ హద్దును తొలగించింది. బదులుగా ప్రతి అంచెలోనూ గడులన్నింటినీ కలిపి సాధించవలసి ఉంటుంది.

ఇక ప్రోగ్రాము రాయడం. అంతటినీ ఒకే వరుసలో రాస్తే, ఉక్కు రకం మారినా, గాలికి బదులు నీటి తుంపర్లతో చల్లార్చినా, అన్నిచోట్లా చేతులు పెట్టవలసి వస్తుంది. నార్వేలో పుట్టిన సిమ్యులా 67 భాషతో మొదలైన ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ పద్ధతి ఇక్కడ అక్కరకొస్తుంది. ఉక్కు గుణాలు ఒక ఆబ్జెక్టు, గడుల వల మరొకటి, ఉపరితలం వేడిని కోల్పోయే తీరు ఇంకొకటి. గాలి స్థానంలో నీటిని పెట్టాలంటే ఆ ఒక్కదాన్నే మార్చితే చాలు.

దీని అసలు విలువ హైడ్రోజన్ ప్రస్తావన వచ్చినప్పుడు తెలుస్తుంది. కరిగిన ఉక్కులోకి తేమ ద్వారా చేరే ఈ వాయువు పట్టా లోపల సన్నని పగుళ్లకు కారణమవుతుంది. కాలక్రమేణా పట్టా విరిగే ప్రమాదం ఉంది. శూన్యంలో శుద్ధి చేసి చాలా భాగం తొలగిస్తారు. మిగిలినది చల్లారేటప్పుడు మెల్లగా బయటికి వ్యాపిస్తుంది. ఆ వ్యాపనానికి ఫిక్ 1855లో ఇచ్చిన సమీకరణం ఫూరియే సమీకరణానికి కవల వంటిది. కాబట్టి వేడికి రాసిన క్లాసునే గుణకం మార్చి వాడుకోవచ్చు. పైగా హైడ్రోజన్ కదలిక ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. ఆ విలువను హైడ్రోజన్ ఆబ్జెక్టు ప్రతి అంచెలోనూ వేడి ఆబ్జెక్టును అడిగి తెలుసుకుంటుంది.

ప్రతి గడినీ ఒక ఆబ్జెక్టుగా చేయాలన్న ఉత్సాహం మాత్రం తగదు. లక్షల గడులుంటే వేగం కుంటుపడుతుంది. వల మొత్తాన్ని ఒక ఆబ్జెక్టుగా ఉంచి, సంఖ్యలను లోపల వరుసగా నిల్వ చేయడమే మేలు. ప్రోగ్రాము ఎంత పొందికగా ఉన్నా ఉపరితలం నుంచి పోయే వేడి విలువను తప్పుగా ఇస్తే జవాబు తప్పే. అందుకే ముందుగా జవాబు తెలిసిన సరళమైన పలకపై పరీక్షించి, ఆ తరువాత నమూనా ముక్కకు రంధ్రం చేసి థర్మోకపుల్ అమర్చి తీసిన కొలతలతో సరిపోల్చి చూస్తారు.