అత్తమ్మ అంబాసిడరూ, పాతకార్ల స్నేహాలూ!

ఇంట్లో ఏదైనా వస్తువు పాతబడితే మనకు రెండే దారులు కనిపిస్తాయి. ఒకటి, పాతసామాన్లవాడికి వేసెయ్యడం. రెండోది, అటకెక్కించి మర్చిపోవడం. కంచుచెంబుకైనా, కుట్టుమిషనుకైనా ఇదే గతి. మరి ఆ వస్తువు అటకమీద పట్టనంత పెద్దదైతే? అది కారైతే?

సింహాద్రిపురం దగ్గర చీనీతోటలో ఉన్న మా అత్తగారింట్లో సరిగ్గా ఈ చిక్కే వచ్చింది. షెడ్డులో 1971 నాటి అంబాసిడర్ ఉంది. మార్క్ టూ అంటారే, అది. మామగారు పోయాక ఇరవై ఏళ్ళుగా కదల్లేదు. సీట్లలో ఎలుకలు కాపురం పెట్టాయి. బానెట్ మీద కోళ్ళు పడుకుంటాయి. ఓ రోజు పొద్దుటూరు నుంచి పాత ఇనుము కొనేవాళ్ళు వచ్చి చుట్టూ తిరిగి చూసి, కాటా లెక్కన ధర చెప్పారు.

"డ్రిప్పు పైపులు పెట్టుకునేదానికి జాగా అయితాది. ఇచ్చేద్దాం" అన్నారు మా బావగారు. మావారు తలూపారు. అత్తమ్మ ఏమీ అనలేదు. ఆ రాత్రి మాత్రం ఆవిడ సంగటి ముట్టలేదు.

"ఏందత్తా?" అని అడిగితే, కాసేపటికి నోరు విప్పారు.

"ఏంలేదులేమ్మీ. మీ ఆడబిడ్డను కాన్పుకు కడపకు తీసకపోయింది దాంట్లోనే. నడిరాత్రి, ఒకటే వాన. మీ మామ తోల్తాంటే, బిడ్డ తల ఒళ్ళో పెట్టుకోని వెనకసీట్లో కూచున్యా. ఇనుమంటే ఇనుమేలే. తూకానికి పోయేదయితే పోనీ."

ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి అందరి ముందూ "ఒక్క నెల ఆగండి" అన్నాను. అలా అనడానికి కారణం ఉంది. ఆ మధ్య చెన్నైలో చుట్టాలింటికి వెళ్ళినప్పుడు చూసిన ఒక ఆదివారం ఉదయం!

ఆగిన బండి చుట్టూ అయిదుగురు

పట్టుచీరలకు బీరువాలున్నట్టే, పాతకార్లకూ క్లబ్బులున్నాయి. చెన్నైలో మద్రాస్ హెరిటేజ్ మోటారింగ్ క్లబ్, హిస్టారికల్ కార్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా అని రెండు సంఘాలు పేరున్నవి. కలకత్తా, ఢిల్లీల్లో స్టేట్స్‌మన్ పత్రిక నడిపే పాతకార్ల ర్యాలీ 1964 నుంచీ ఉంది. ఇలాంటి ర్యాలీల్లో కార్లు పరుగులు తియ్యవు. పెళ్ళి ఊరేగింపులా నింపాదిగా, ముచ్చటగా వెళతాయి. చాలామంది బండి ఏ కాలందో ఆ కాలం బట్టలే వేసుకుని వస్తారు. మనకైతే మరీ సులువు. అమ్మమ్మ జరీచీర ఒక్కటి చాలు!

నేను చూసిన ర్యాలీలో నన్ను కట్టిపడేసింది కార్లు కాదు, వాటితో వచ్చిన మనుషులు. ఓ చిన్న ఆస్టిన్ కారు దారిలో ఆగిపోయింది. చూస్తూండగానే అయిదుగురు దాని చుట్టూ చేరారు. ఒకరు ప్లగ్గు విప్పారు, ఒకరు తమ కార్లోంచి తీగముక్క తెచ్చారు, ఇంకొకరు రేడియేటర్లో నీళ్ళు పోశారు. వాళ్ళంతా ఆ కారుతో పోటీకి వచ్చినవాళ్ళే! "ఇదేం పోటీ అండీ?" అని పక్కనున్న ఒకావిడను అడిగాను. "పోటీ మార్కుల దగ్గరే. బండి ఆగితే అందరం ఒక ఇంటివాళ్ళమే" అని నవ్వారావిడ. ఆవిడ చేతిసంచీలో పౌడరుడబ్బా పక్కనే ప్లగ్గు స్పానర్ కూడా ఉంది.

ఈ స్నేహానికి అవసరమే మూలం. ఈ కార్లకు కంపెనీ షోరూములో సామాన్లు దొరకవు. చెన్నై పుదుపేటలోనో, హైదరాబాద్ రాణిగంజ్‌లోనో వెతకాలి. దొరక్కపోతే లేతుమిషను మీద చేయించుకోవాలి. ఏ సామాను ఎవరి దగ్గర ఉంది, ఏ మేస్త్రీకి ఏ ఇంజను తెలుసు అన్నది ఒకరికొకరు చెప్పుకుంటేనే బండి నడుస్తుంది. ఇరుగుపొరుగు చక్కెర, కాఫీపొడి బదులు తెచ్చుకున్నట్టు వీళ్ళు కార్బురేటర్లు, డైనమోలు ఇచ్చిపుచ్చుకుంటారు!

మార్కులు వేసే తీరు కూడా చిత్రంగా ఉంటుంది. బండి మెరిసిపోతే చాలదు. రంగు, దీపాలు, హారను, సీటుగుడ్డ కంపెనీ నుంచి వచ్చినట్టే ఉన్నాయా అని చూస్తారు. కొత్తరకం హంగులు తగిలిస్తే మెప్పు మాట అటుంచి, మార్కులు కోస్తారు.

తొలి ప్రయాణం పుట్టింటికే!

"కార్లూ ఇంజన్లూ మగవాళ్ళ గొడవ, మనకెందుకు?" అనుకుంటున్నారా? అయితే బెర్తా బెంజ్ సంగతి వినండి.

జర్మనీలో కార్ల్ బెంజ్ మూడు చక్రాల మోటారుబండికి 1886లో పేటెంటు తీసుకున్నాడు. కానీ దాన్ని నమ్మి కొనేవాళ్ళు కరువయ్యారు. అతని భార్య బెర్తా 1888 ఆగస్టులో ఒక ఉదయం, భర్తకు చెప్పకుండా, పదిహేనేళ్ళ పెద్దకొడుకునూ పదమూడేళ్ళ రెండోవాణ్ణీ వెంటేసుకుని ఆ బండిలో బయల్దేరింది. ఎక్కడికనుకున్నారు? మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌లోని పుట్టింటికి! దూరం వంద కిలోమీటర్లకు పైనే.

దారిలో ఇంధనం అయిపోతే వీస్లోఖ్ అనే ఊళ్ళో మందులషాపులో లిగ్రాయిన్ కొని పోసింది. గొట్టంలో నలక అడ్డుపడితే టోపీకి పెట్టుకున్న సూదితో పొడిచి తీసింది. తీగ ఒరుసుకుపోతే మేజోడు కట్టే పట్టీ చుట్టింది. బ్రేకులు అరిగితే చెప్పులు కుట్టేవాడితో తోలు వేయించింది. సాయంత్రానికి పుట్టిల్లు చేరింది. ప్రపంచంలో మోటారుకారు మీద జరిగిన తొలి దూరప్రయాణం ఇదే. బండి ఎత్తు ఎక్కడానికి ఇంకో గేరు కావాలని భర్తకు చెప్పింది కూడా ఆవిడే.

ఇంగ్లండులో డొరొతీ లెవిట్ 1909లో ఆడవాళ్ళ కోసం కారు పుస్తకమే రాసింది. వెనకొచ్చే బండ్లను చూసుకోడానికి చేతి అద్దం దగ్గరుంచుకోమని అందులో సలహా ఇచ్చింది. మన దేశంలో కారు నడిపిన తొలి మహిళ జె.ఆర్.డి. టాటా తల్లి సుజాన్ అనీ, అది 1905లో అనీ చెబుతారు.

ఏది పాత? ఎంత పాత?

కారుకు వయసు మీదపడటం గౌరవమే. లండన్ నుంచి బ్రైటన్ దాకా ఏటా నవంబరులో జరిగే యాత్రలో 1905కు ముందు తయారైన కార్లనే రానిస్తారు. దారిలో ఆగుతూ, ఆవిర్లు కక్కుతూ దాదాపు వంద కిలోమీటర్లు వెళతాయవి. బ్రిటన్‌లో 1919 - 1930 మధ్య కార్లను 'వింటేజ్' అంటారు. 1966లో ఏర్పడిన ప్రపంచ సమాఖ్య ఫీవా లెక్కలో ముప్ఫయ్యేళ్ళు నిండి, అసలు రూపం చెడకుండా, రోజువారీ తిరుగుడుకు వాడనిది చారిత్రక వాహనం. మన కేంద్రప్రభుత్వం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభయ్యేళ్ళు దాటినదే వింటేజ్. కార్లే కాదు, మోటారు సైకిళ్ళూ స్కూటర్లూ కూడా ఈ లెక్కలోకి వస్తాయి.

పాతకార్లు చూడాలనుంటే దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరో నిజాం కోసం చేయించిన పసుపురంగు రోల్స్ రాయిస్ ఉంది. 1912 నాటిది. అది వచ్చేలోగా 1911లోనే ఆయన కన్నుమూశాడు. కోయంబత్తూరులో 2015లో తెరిచిన జీడీ కార్ మ్యూజియం మనవాళ్ళు తప్పక చూడాల్సింది. అది జి.డి. నాయుడు పేరిట నడిచే సంస్థది. తెలుగు మాట్లాడే రైతుకుటుంబంలో 1893లో పుట్టిన ఆయన, 1920లో పొల్లాచ్చి - పళని మధ్య ఒకే ఒక్క బస్సుతో మొదలుపెట్టి పెద్ద రవాణా సంస్థను నిలబెట్టాడు. చెన్నై వడపళనిలోని ఏవీఎం స్టూడియోలో 2023లో తెరిచిన మ్యూజియంలో పాత సినిమా కెమెరాల సరసన పాతకార్లూ కొలువుదీరాయి.

రాజుల కార్ల సంగతి సరే. మనింటి కార్ల మాటేమిటి? అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. బొంబాయి వీధుల్ని ఏలిన పద్మిని టాక్సీలకు 2023 అక్టోబరుతో కాలం తీరింది. నిన్నమొన్నటిదాకా ప్రతి ఊళ్ళో కనిపించినవే రేపు వెతికినా దొరకవు. మహరాజుల కార్లను మ్యూజియాలు కాపాడతాయి. మధ్యతరగతి కార్లను మనం కాక ఎవరు కాపాడతారు?

మీ ఇంట్లో పాతబండి ఉంటే...

* ముందు కాగితాలు వెతకండి. ఆర్‌సీ బుక్కు ఉంటే సగం పని అయినట్టే. యజమాని కాలం చేసుంటే వారసుల పేరు మీదికి మార్చుకోవాలి.

* యాభయ్యేళ్ళు దాటి, ఇంజను, ఛాసిస్, బాడీ మార్చకుండా ఉంటే వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు. 2021 నిబంధనల్లో కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20 వేలు, పునర్నమోదుకు 5 వేలు. పదేళ్ళు చెల్లుతుంది. ఇదివరకే నంబరున్న బండికి పాతనంబరే ఉంచుకోవచ్చు. పెట్టేముందు తాజా వివరాలు ఆర్టీఓ ఆఫీసులో కనుక్కోండి.

* ఈ రిజిస్ట్రేషన్‌తో రోజూ ఊరు తిరగడం కుదరదు, బాడుగకు అసలే తిప్పకూడదు. ర్యాలీలకు, ప్రదర్శనలకు, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే.

* ఏళ్ళతరబడి ఆగిన బండిని ఆత్రంగా సెల్ఫు కొట్టకండి. పాత పెట్రోలు తీసేసి, ప్లగ్గులు విప్పి, సిలిండర్లలో కొంచెం ఆయిలు వేసి, హ్యాండిలుతో మెల్లగా తిప్పించాలి. బ్రేకులు పూర్తిగా చూపించకుండా అడుగు కదిలించొద్దు.

* ఇప్పటి పెట్రోలులో ఇథనాల్ పాలు ఎక్కువ. పాత రబ్బరు గొట్టాలకు అది పడదు. మార్పించండి.

* అప్పుచేసి మాత్రం ఈ సరదాకు దిగొద్దు. ఖర్చు ఎప్పుడూ అనుకున్నదానికన్నా ఎక్కువే అవుతుంది.

నెల కాస్తా మూడు నెలలు

ఇంతకీ మా అంబాసిడర్ ఏమైందంటారా? నా చీటీ డబ్బులు తీశాను. దానిమీద ఇంట్లో రెండురోజులు మాటల్లేవు. పులివెందుల నుంచి ఓ ముసలి మెకానిక్ భాయ్ వచ్చారు. వయసులో ఉన్నప్పుడు ఈ బండికే పనిచేశారట. బానెట్ ఎత్తి, "బతికే ఉందమ్మా" అన్నారు. మామగారు ఏళ్ళతరబడి బుక్ చేసి కాచుకుని కొన్న బండి అని ఆయన చెప్తేనే మాకు తెలిసింది.

ఆ తర్వాత జరిగిందే నాకు వింత. పక్క ఊళ్ళో పాతజీపున్న ఓ పెద్దాయన వైర్ల కట్ట తెచ్చిచ్చారు. కూలిపని కొచ్చిన ఆడవాళ్ళు మధ్యాహ్నం గంట విరామంలో సీట్లు దులిపి, ఎలుకల గూళ్ళు ఏరేశారు. కుట్టుమిషనున్న వదిన సీటుగుడ్డలు కుట్టింది. పైపులకు జాగా కావాలన్న బావగారే పుదుపేటకు పోయి బ్రేకు సామాన్లు పట్టుకొచ్చారు! మా ఊళ్ళో క్లబ్బు లేదు. బోర్డూ లేదు, చందా అంతకన్నా లేదు. కానీ చెన్నైలో ఆ ఆస్టిన్ చుట్టూ చేరినవాళ్ళే మా షెడ్డు ముందు కూడా నిలబడ్డట్టు అనిపించింది.

ఇక ఆర్‌సీ బుక్కు. ఇల్లంతా వెతికినా దొరకలేదు. చివరికి అత్తమ్మ తన ట్రంకుపెట్టె తెరిచి, మామగారి పంచెలో చుట్టిన బుక్కు తీసి నా చేతిలో పెట్టారు. ఇరవై ఏళ్ళు దాచారు, ఎవరికీ చెప్పకుండా! ఎవరి పేరు మీదికి మార్చాలన్న మాట వస్తే, కొడుకులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అమ్మ పేరు మీదికే" అన్నారు మావారు. ఆవిడ పేరుతో ఇంతవరకూ ఆ ఇంట్లో రేషన్ కార్డు తప్ప ఏమీ లేదు.

ఆ కాగితాల పని ఇంకా నడుస్తోంది. అందుకే బండిని రోడ్డెక్కించలేదు. కానీ మొన్న ఆదివారం భాయ్ హ్యాండిలు వేసి తిప్పితే నాలుగోసారికి ఇంజను దగ్గి, పొగ కక్కి, అందుకుంది. కోళ్ళన్నీ చెల్లాచెదురు. తోటలో బావి దాకా వెళ్ళి వద్దామని వెనక తలుపు తీశాను.

అత్తమ్మ కదల్లేదు. ముందుసీటు వైపు చూపించి, "ఈ పొద్దు ఆడ కూచుంటా" అన్నారు.