కంపెనీ కదిలితే మన కుటుంబం మాటేమిటి?

ఉద్యోగం కోసం మనం ఊళ్ళు మారాం. ఉద్యోగమే ఊరు మారితే ఏమవుతుందో టెన్నెసీలోని నాష్‌విల్‌ను చూస్తే తెలుస్తుంది.

1968లో ఇద్దరు డాక్టర్లు, ఒక వ్యాపారి కలిసి అక్కడ హెచ్.సి.ఎ. ఆసుపత్రుల సంస్థను స్థాపించారు. 1983లో దగ్గరలోని స్మిర్నాలో నిస్సాన్ ఫాక్టరీ ఉత్పత్తి ప్రారంభించింది. 2005లో ఆ కంపెనీ తన ఉత్తర అమెరికా ప్రధాన కార్యాలయాన్నే లాస్ ఏంజలస్ ప్రాంతం నుంచి తరలిస్తున్నట్టు ప్రకటించింది. 2008లో నాష్‌విల్ పక్కనున్న ఫ్రాంక్లిన్‌లో సొంత భవనంలోకి చేరింది. ఫాక్టరీ దగ్గర, స్థలం చవక, జీతాలమీద రాష్ట్రపు పన్ను లేదు. పైగా ప్రభుత్వ రాయితీలు.

ఊరు పెరిగింది. ఇళ్ళ ధరలూ, రోడ్లమీద రద్దీ కూడా పెరిగాయి. రవాణా సౌకర్యాల కోసం అదనపు పన్నుకు 2018లో ఓటర్లు కాదన్నారు. 2024లో గాని ఒప్పుకోలేదు.

కాలిఫోర్నియా ఉద్యోగుల్లో సగంమంది కూడా కంపెనీ వెంట వెళ్ళలేదు. అలాంటి ఉత్తరం మన ఇంటికి వస్తే? సామాను ఖర్చు కంపెనీ ఇవ్వవచ్చు. కాని ఇల్లాలు డాక్టరైతే, కొత్త రాష్ట్రంలో లైసెన్సు మళ్ళీ తీసుకోవాలి. ప్రాక్టీసు మొదటినుంచి పెంచుకోవాలి. హెచ్-1బి మీద ఉన్నవారైతే, కొత్త ప్రాంతంలో పని మొదలయ్యేలోగా సవరించిన పిటిషను దాఖలు కావాలి.

కనుక జీతం అంకె ఒక్కటే చూడకండి. లైసెన్సుకు పట్టే నెలలు, ఆ నెలల్లో తగ్గే రాబడి ఇద్దరూ కూర్చుని లెక్క వేయండి. ఆ లెక్క కంపెనీ ముందు పెట్టండి. అడగనిదే అమ్మైనా పెట్టదు కదా!