అమ్మమ్మ పెళ్లి ఫొటో పదికాలాలు ఉండాలంటే...

పెళ్లిపీటల మీద అమ్మమ్మ, తాతయ్య. మా ఇంట్లో ఆ పెళ్లి గుర్తుగా మిగిలింది ఆ ఒక్క ఫొటోనే. అద్దం లోపల తెల్లమచ్చలు కనిపిస్తుంటే, తుడిచి కొత్త ఫ్రేము కట్టిద్దామని పటం విప్పాం. ఫొటో అద్దానికి అతుక్కుపోయి ఉంది. కాస్త బలంగా లాగేసరికి అమ్మమ్మ చెంప అద్దం మీదే ఉండిపోయింది. 'పోనీలేవే' అంటూనే అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

ఈ పొరపాటు మీ ఇంట్లో జరక్కూడదు. ఫొటో కాగితం పైపొరలో జిలాటిన్ ఉంటుంది. చెమ్మ తగిలితే అది మెత్తబడి అద్దానికి జిగురులా పట్టేస్తుంది. అలాంటప్పుడు లాగొద్దు, తడపొద్దు. అద్దంతో సహా స్కాన్ చేయించండి. ఏ పాత ఫొటోకైనా ముందు నకలు, తర్వాతే మరమ్మతు.

షాపులో స్కాన్ చేయిస్తే కనీసం 600 డీపీఐలో చేయమనండి. చిన్న సైజు ఫొటోలకు 1200 అయితే మేలు. అంత దూరం వెళ్లలేకపోతే ఫోనుతోనైనా తీసి పెట్టుకోండి. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన ఫొటోను బల్లమీద పరిచి, ఫ్లాష్ లేకుండా, ఫోనును వంచకుండా సరిగ్గా పైనుంచి తీయాలి. వంగితే మొహాలు సాగినట్టు వస్తాయి.

ఇంకొన్ని జాగ్రత్తలు

* చిరిగిన ఫొటోకి సెలోటేపు అంటించకండి. కొన్నాళ్లకు ఆ జిగురు పచ్చటి మరకవుతుంది. ముక్కలన్నీ ఒకే కాగితం కవర్లో దాచండి.

* తడిగుడ్డతో తుడవొద్దు. మెత్తటి బ్రష్షుతో దుమ్ము దులిపితే చాలు.

* వెనకవైపు పేర్లు రాయడానికి బాల్‌పెన్ను వాడకండి. మెత్తటి పెన్సిల్‌తో, నొక్కకుండా రాయండి.

* నెగెటివ్‌లుంటే పారేయకండి. వాటినుంచి మళ్లీ మంచి ప్రింటు వస్తుంది.

ఇప్పుడు ఫోను యాప్‌లు పాత ఫొటోలను చిటికెలో కొత్తవి చేసేస్తున్నాయి. కానీ చెరిగిపోయిన కన్నూ ముక్కూ అవి ఊహించి గీస్తాయి. బొమ్మ అందంగానే ఉంటుంది, అందులో మనిషి మాత్రం మీ అమ్మమ్మ కాకపోవచ్చు. అందుకే అసలు స్కాన్‌ను విడిగా భద్రపరచండి.

మేము చిరిగిన ఫొటోనూ, అద్దం మీద మిగిలిన ముక్కనూ వేర్వేరుగా స్కాన్ చేయించి కంప్యూటర్లో కలిపించాం. అమ్మమ్మ చెంప దక్కింది. కానీ వెనకాల పట్టుపావడాతో నిలబడిన పాప ఎవరో మాత్రం అమ్మకూ తెలీదు. అమ్మమ్మ ఉండగా అడగాల్సిన ప్రశ్న అది. మీ ఇంట్లో పెద్దవాళ్లున్నారా? ఈ ఆదివారమే ఆల్బమ్ పట్టుకుని వాళ్ల పక్కన కూర్చోండి. పెన్సిల్ మర్చిపోకండేం!