రాతకోతలే కళాకారుడికి రక్ష

ఉర్సులో ఖవ్వాలీ అయినా, పెళ్లి పందిట్లో నాదస్వరం అయినా బేరం ఎక్కువగా నోటిమాట మీదే కుదురుతుంది. "మన మధ్య కాగితాలెందుకు భాయ్?" అంటే కళాకారుడు మొహమాటపడి ఊరుకుంటాడు. కాగితం అడిగితే అవతలివారిని అనుమానించినట్లవుతుందేమోనని సంకోచం.

ఈ సంకోచాన్ని దివ్య ఖుర్ఆన్ ఏనాడో తీర్చింది. గ్రంథం మొత్తంలో అతి పెద్ద ఆయత్ అల్ బఖరా సూరాలోని 282వది. లావాదేవీలను రాసుకోవడమే అందులోని విషయం. గడువు పెట్టిన బాకీని రాసుకోవాలని, అది చిన్నదైనా పెద్దదైనా రాయడానికి విసుక్కోరాదని, సాక్షులను పెట్టుకోవాలని ఆదేశముంది. చెప్పి రాయించే బాధ్యత బాకీ పడినవాడిదే. అలా రాసుకుంటే అనుమానాలకు తావుండదని కూడా ఆ ఆయత్ వివరిస్తుంది. కచేరీ అయ్యాక ఇస్తామన్న పారితోషికం కూడా గడువు పెట్టిన బాకీ వంటిదే కదా!

మన దేశ చట్టమూ రాతకే పెద్దపీట వేసింది. 1957 నాటి కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీకి హక్కుదారు సంతకంతో పత్రం ఉండాలి. అందులో కాలం రాయకపోతే 5 ఏళ్లుగా, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని భావిస్తారు. 1994 సవరణ పాడేవారికి, వాయించేవారికి కూడా తమ ప్రదర్శనపై హక్కు కల్పించింది.

పత్రం లేకపోతే ఏమవుతుందో సినీ కవులు, సంగీత దర్శకుల అనుభవం చెబుతుంది. నిర్మాత డబ్బిచ్చి సినిమా కోసం చేయించుకున్న పాటపై, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు నిర్మాతదేనని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2012లో చట్టాన్ని సవరించారు. రాజ్యసభ సభ్యుడిగా కవి జావేద్ అఖ్తర్ దానికోసం గట్టిగా వాదించారు. సినిమా హాలు బయట ఆ పాట వాడకంపై వచ్చే రాయల్టీలో తమ వాటాను వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప ఇతరులకు రాసివ్వడం ఇప్పుడు చెల్లదు. పుస్తకాలకు, చిత్రాలకు మాత్రం ఆ రక్షణ లేదు. రచయిత మరణించాక 60 ఏళ్ల వరకు హక్కు ఉంటుంది. "సర్వహక్కులూ శాశ్వతంగా" అన్న ఒక్క మాట కింద సంతకం పెడితే పిల్లలకు అందవలసిన ఆదాయం పోయినట్లే.

పారితోషికం, బయానా, చెల్లించే తేదీ, ప్రయాణ ఖర్చులు, కార్యక్రమం రద్దయితే ఇవ్వవలసింది, రికార్డు చేసి అమ్ముకోవచ్చా లేదా అన్నవి స్పష్టంగా రాసుకోవాలి. ఇంగ్లీషు పత్రమైతే నమ్మకమైనవారితో చదివించుకున్నాకే సంతకం చేయాలి. ఒక ప్రతి ఇంట్లో భద్రపరచాలి. నోటిమాట ఒప్పందం కూడా చెల్లుతుంది కానీ కోర్టులో రుజువు చేయడం కష్టం. చేసిన పనికి డబ్బు రాకపోతే 3 ఏళ్లలోపే దావా వేయాలి.

ఒప్పందాలను నెరవేర్చమని అల్ మాయిదా సూరా మొదటి ఆయత్ విశ్వాసులను ఆదేశిస్తోంది. రాయించే బాధ్యత డబ్బు ఇవ్వవలసినవారిదే కనుక, మన ఇంటి శుభకార్యానికి కళాకారులను పిలిచినప్పుడు వారు అడిగేదాకా ఆగకుండా మనమే ముందుగా కాగితం రాసి చేతికిద్దాం.