అమరసింహ థాపా — జయాపజయములు

కలకత్తా మైదానమునకు బోయినవారు అచట మింటి కెగసిన యొక స్తంభమును జూచియుందురు. ఆక్టర్లోనీ యను కంపెనీ సేనాని స్మృతికై దానిని 1828లో నిలిపిరి. 1969లో షహీద్ మినారని పేరు మార్చిరి. అతని కీర్తికి గారణమైన విజయములలో నొకటి నేపాళ సేనాని కాజీ అమరసింహ థాపాపై లభించినది. గెలిచినవానికి స్తంభము దక్కెను. ఓడినవాని చరిత్ర మనలో పెక్కు రెరుగరు.

గూర్ఖా యను చిన్న కొండ సంస్థానమున 1743లో సింహాసన మెక్కిన పృథ్వీనారాయణ షా 1768లో కాట్మండూను జయించి నేపాళ రాజ్యైక్యమునకు బునాది వైచెను. 1775లో నాతడు గతించిన పిమ్మట ఆ పనిని బడమటికి సాగించినవారిలో అమరసింహు డగ్రగణ్యుడు. 1790లో కుమావూను వశమయ్యెను. 1804లో డెహ్రాడూను చెంత ఖుర్‌బురా యుద్ధమున గఢవాలు రాజు ప్రద్యుమ్న షా కూలెను. అంతట నాతడు సట్లెజి నది దాటి కాంగడా కోటను ఏండ్ల తరబడి ముట్టడించెను. కోట యధిపతి సంసారచందు రణజిత్ సింహుని సాయము వేడెను. 1809లో కోట రణజిత్తునకే దక్కెను. అమరసింహుడు రిక్తహస్తములతో నది కీవలికి మరలెను.

ఇచట దాపరికము లేక యొక మాట చెప్పవలసియున్నది. జయించిన సీమలలో గూర్ఖాల పాలన కడు క్రూరమైనది. పన్నుల భారముచే గ్రామములు పాడువడెను. అప్పు దీర్పజాలనివారిని, వారి బిడ్డలను హరిద్వారమున బానిసలుగా విక్రయించిరి. నేపాళచరిత్ర ఏకీకరణమని కొనియాడు కార్యమును గఢవాలు ప్రజలు ‘గూర్ఖ్యాణీ’ యని, దౌర్జన్యమునకు మారుపేరుగా దలచిరి.

1814లో బుట్వలు, స్యూరాజు సీమలకై కంపెనీతో వివాదము ముదిరెను. మంత్రి భీమసేన థాపా యుద్ధమే మేలనెను. సరిహద్దున నున్న అమరసింహుడు వలదని హితవు చెప్పెను. వినిన వారెవరు? వలదన్న యుద్ధమునే అందరికంటె దృఢముగా నాతడు నడపెను. నాళాపానీ కోటలో బలభద్ర కున్వరు స్త్రీలు, బిడ్డలతో గూడి యించుమించు ఆరువందల మందితో నిలిచి, జనరల్ గిలెస్పీ ప్రాణము గొనినదియు నీ యుద్ధముననే. నీటి దారి తెగగా డెబ్బదిమందితో నాతడు కోట వీడెను.

కాని రాజ్యము గోల్పోయిన కొండ రాజులు ఆక్టర్లోనీ పక్షము జేరిరి. హిండూరు రాజు రామశరణు ఫిరంగులకు దారులు వేయించెను. 1815 ఏప్రిలున ఆల్మోరా పడిపోయెను. మలౌను గుట్టపై డెబ్బదేండ్లు దాటిన భక్తిథాపా స్వయముగా ఫిరంగులపైకి నడచి మడిసెను. శత్రువులే యాతని కళేబరమును శాలువ గప్పి గౌరవముతో బంపిరి.

15 మే 1815న అమరసింహు డొడంబడికకు సమ్మతించి, తనతో మిగిలిన కొలదిమందితో ఆయుధములు, జెండాలు దాల్చి కోట విడిచెను. గూర్ఖా సిపాయిలు కోరినచో కంపెనీ కొలువున జేరవచ్చునని ఆ యొడంబడికలోనే యుండెను. వేలకొలది జేరిరి. అట్లేర్పడిన సిర్మూరు పటాలము 1857లో ఢిల్లీ గుట్టపై నిలిచి మన సిపాయిలపై దుపాకులెక్కుపెట్టినది.

1816లో స్థిరపడిన సుగౌలీ సంధితో మహాకాళీ నదికి బడమర నాతడు గెలిచినదెల్ల చేయి జారెను. ఆ యేడే ఆ వృద్ధుడు కాట్మండూకు ఉత్తరముననున్న గోసాయికుండ క్షేత్రమున దేహము చాలించెను.