ఇసుకమీది ఆనకట్ట

ఇల్లు కట్టువారు గట్టినేల దొఱకువఱకు త్రవ్వి పునాది వేయుదురు. ధవళేశ్వరమువద్ద గోదావరి గర్భమందో, ఎచ్చట చూచినను ఇసుకయే. 1833 నాటి కరవులో ఈ సీమ ప్రజలు తిండిలేక మరణించుచుండగా గోదావరి నీరు సముద్రము పాలగుచుండెను. ఆ నీటిని మళ్లింపవలెనన్న ఏటికి అడ్డముగా గోడ కట్టవలెను. ఇసుకమీద గోడ ఎట్లు నిలుచును?

బాలలారా, ఇందు రెండు అపాయములు కలవు. ఎగువను నిలిచిన నీరు గోడ అడుగున చొరబడి ఇసుకను కొనిపోవును. గోడపైనుండి దుమికిన నీరు దిగువను మడుగు త్రవ్వును. ఏది ముదిరినను గోడ కూలును.

ఆర్థర్ కాటన్ అను ఇంజనీరు ఈ చిక్కునకు ఉపాయమును తంజావూరు సీమలో నేర్చెను. కరికాల చోళుడు కట్టించెనని ప్రతీతిగల కల్లణై అచ్చట కావేరి ఇసుకమీదనే శతాబ్దములుగా నిలిచియుండెను. కాటనును కీర్తించువారు ఆ పేరు తెలియని పనివారిని మఱచుట తగదు.

1847లో పని మొదలయ్యెను. ఇసుకలోనికి బావులు దింపి, వానిపై వెడల్పైన కట్టడము లేపిరి. దిగువను పెద్దరాళ్లు దట్టముగా పఱచిరి. నీరు గుంట త్రవ్వినచో ఆ రాళ్లే అందులోనికి జాఱి దానిని పూడ్చును! రాయికి దూరము పోనక్కఱలేకపోయెను. ధవళేశ్వరపు కొండ ఒడ్డుననే యున్నది. నడుమ లంకలుండుటచే ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరములవద్ద నాలుగు భాగములుగా కట్టిన ఆనకట్ట 1852లో పూర్తియయ్యెను. పిమ్మట వరదలు దానిని పలుమాఱులు దెబ్బతీసెను, మరమ్మతులు తప్పలేదు.

1982లో దాని స్థానమున 175 తలుపులుగల బారేజి వచ్చెను. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలువలకు నేడు నీరు వదలుచున్నది అదియే.